సెప్టెంబర్ 1 దాటిపోయింది, అమ్మాయి ఫోన్ మోగలేదు: సాఫ్ట్‌బాల్ రిక్రూటింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

క్యాచర్ నాన్న (ఫ్రిస్కో, టెక్సస్)
2025 సెప్టెంబర్ 4

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి 11వ తరగతి, 2027లో హైస్కూల్ అయిపోతుంది. తొమ్మిదో ఏట నుంచి సాఫ్ట్‌బాల్ ఆడుతోంది, నాలుగేళ్లుగా క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటిది. కాలేజీలో కూడా ఆడాలని దాని పట్టుదల.

డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై అంచె) కోచ్‌లు 11వ తరగతిలో సెప్టెంబర్ 1 వచ్చేదాకా పిల్లలతో రిక్రూటింగ్, అంటే టీమ్‌లోకి తీసుకునే మాట ఎత్తకూడదని రూలు కదా. ఆ రోజు అర్ధరాత్రి 12 కొట్టగానే మెసేజ్‌లు మొదలవుతాయని టీమ్‌లో పిల్లలంతా చెప్పుకుంటున్నారు. ఆగస్టు 31 రాత్రి ఇది ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని సోఫాలో కూర్చుంది. 12:01కి వీళ్ల పిచ్చర్‌కి (బంతి వేసే అమ్మాయికి) మూడు కాలేజీల నుంచి వచ్చేశాయి. 12:20కి మా దాని ఫోన్ కూడా టింగుమంది. వంటింట్లో ఉన్న నేను పరుగెత్తుకొచ్చాను. చూస్తే మందుల షాపు వాళ్లు, మీ మందులు రెడీ అని!

మూడు రోజులైంది. ఎవరూ లేరు. క్యాంపులకి రమ్మని మెయిల్స్ మాత్రం ఇప్పటికి నలభై దాకా వచ్చాయి. జీపీఏ 3.9, పాప్ టైమ్ (పట్టిన బంతి రెండో బేస్‌కి చేర్చే టైమ్) 1.95 సెకన్లు, బ్యాటింగ్ ఫరవాలేదు. ఇక అయిపోయినట్టేనా? మా ఆవిడ అయితే "ఆ బ్యాట్ అటకెక్కించి ఎస్‌ఏటీ పుస్తకం తియ్యమను" అంటోంది.

---

రైజ్‌బాల్ (చాండ్లర్, అరిజోనా)
సెప్టెంబర్ 4

అయిపోలేదండీ, అసలు ఇప్పుడే మొదలైంది. మా పెద్దది పిచ్చర్, ఇప్పుడు కాలేజీ రెండో సంవత్సరం. ముందుగా ఆ పిచ్చర్‌తో పోల్చుకోవడం మానండి. ఏ కాలేజీ అయినా మొదట పిచ్చర్లని పట్టుకుంటుంది, మిగతావాళ్లంతా ఆ తర్వాతే.

ఈ సెప్టెంబర్ 1 రూలు 2018లో వచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా యూనివర్సిటీకి మాటిచ్చేశాం అని చెప్పుకునేవాళ్లు. పళ్లకి క్లిప్పులు కూడా తీయని పిల్లలు! ఆ గోల తట్టుకోలేక కోచ్‌లే ఈ రూలు కావాలన్నారు. కాబట్టి మీ అమ్మాయి ఆలస్యమైపోలేదు, పద్ధతి ప్రకారమే ఉంది.

ఆ క్యాంపు మెయిల్స్ చూసి మాత్రం మురిసిపోకండి. సెప్టెంబర్ 1కి ముందు కోచ్‌లు పంపగలిగేవి క్యాంపు కరపత్రాలు, వివరాలు నింపమనే ఫారాలు, అంతే. క్యాంపులకి ఎవరైనా రావచ్చు, ఫీజులతో అసిస్టెంట్ల జేబులు కాస్త నిండుతాయి. వాటిని పెళ్లి శుభలేఖల్లా కాదు, సంక్రాంతికి షాపింగ్ మాల్ వాళ్లు ఇంటింటికీ పంచే పాంప్లెట్లలా చూడండి. "ఫలానా టోర్నమెంట్‌లో శనివారం పొద్దున నువ్వు రన్నర్‌ని మూడో బేస్ దగ్గర అవుట్ చేయడం చూశాను" అని రాస్తే అప్పుడు లేచి కూర్చోండి. మీ క్లబ్ కోచ్‌కి ఫోన్ చేసి అమ్మాయి ఎలాంటిదని అడిగారంటే అది ఇంకా గట్టి సంకేతం.

ఇంకో సంగతి. ఈ ఏడాది అందరికీ అయోమయంగానే ఉంది. కాలేజీ ఆటగాళ్ల డబ్బు కేసులో జూన్ 6న కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీల్లో సాఫ్ట్‌బాల్ టీమ్‌కి 25 మందే పరిమితి. ఇదివరకు టీమ్ మొత్తానికి 12 స్కాలర్‌షిప్పులు, వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు 25 మందికీ ఇవ్వొచ్చు. "ఇవ్వొచ్చు" అంటే "ఇస్తారు" అని కాదు, డబ్బున్న కాలేజీ ఇస్తుంది. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా. ఇంకో కాలేజీలో రెండేళ్లు ఆడి రాటుదేలిన ఇరవై ఏళ్ల క్యాచర్ దొరుకుతుంటే, పదహారేళ్ల పిల్ల కోసం కోచ్ ఎందుకు ఆగుతుంది చెప్పండి?

---

మిడాన్ బాబాయ్ (గుంటూరు)
సెప్టెంబర్ 5

నాదొక పిచ్చి ప్రశ్న. మా తమ్ముడి కూతురు డాలస్‌లో ఇదే ఆడుతుంది. సాఫ్ట్‌బాల్ అంటే బంతి మెత్తగా ఉంటుందా? అలాగైతే ఆ ముసుగు, కవచం ఎందుకు?

---

నిజామాబాద్ షార్ట్‌స్టాప్ (ఇర్వింగ్, టెక్సస్)
సెప్టెంబర్ 5

బాబాయ్ గారూ, పేరులోనే మెత్తదనం. చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బంతి కంటే బాగా పెద్దది, తగిలితే బంతి కుట్లు ఒంటి మీద అచ్చుపడతాయి. 43 అడుగుల దూరం నుంచి, చెయ్యి కిందుగా గుండ్రంగా తిప్పి వేస్తారు. కాలేజీ పిచ్చర్లు గంటకి 65 మైళ్లు దాటిస్తారు. నేను స్కూల్ గేమ్స్‌లో జిల్లా తరఫున ఆడాను, అప్పట్లో మాకు గ్లవ్స్ తొమ్మిది మందికి ఆరే ఉండేవి. ఫీల్డింగ్ అయిపోగానే అవతలి టీమ్ వాళ్లకి ఇచ్చేసేవాళ్లం. ఇప్పుడు ఇక్కడ 16 ఏళ్ల లోపు టీమ్‌కి శనాదివారాలు అసిస్టెంట్‌గా సాయం చేస్తున్నాను.

క్యాచర్ నాన్న గారూ, రైజ్‌బాల్ గారు చెప్పినవన్నీ కరెక్టే. నాదొకటే ప్రశ్న. కోచ్‌లకి మెయిల్స్ పంపుతున్నారు కదా, అవి ఎవరు రాస్తున్నారు?

---

క్యాచర్ నాన్న
సెప్టెంబర్ 5

దొరికిపోయాను.

నేనే రాస్తున్నానండీ. దాని పేరు మీద, దాని ఐడీ నుంచి. ఎక్సెల్‌లో 112 కాలేజీలు, కోచ్ పేరు ఒక కాలమ్, ఎప్పుడు పంపామో ఒక కాలమ్, రంగులు కూడా వేశాను. ఆఫీసులో ప్రాజెక్టు ట్రాకర్ కంటే బాగుంటుంది.

దాని ఫలితం కూడా చెప్తాను, ఇక్కడ నన్ను ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి. డివిజన్ 2 వాళ్లు జూన్ 15 నుంచే ఫోన్ చేయొచ్చు కదా. జూలైలో టోర్నమెంట్ నుంచి వస్తుంటే హైవే మీద ఒక డివిజన్ 2 హెడ్ కోచ్ ఫోన్ చేశారు. అమ్మాయి పక్క సీట్లో ఉంది, కారు స్పీకర్‌లోకి వచ్చింది కాల్. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడారు. "నీ మెయిల్‌లో మా మార్చి గేమ్‌లో డబుల్ స్టీల్‌ని ఆపిన తీరు నచ్చిందని రాశావు కదా, అందులో నీకు ఏం నచ్చింది?" అన్నారు. (డబుల్ స్టీల్ అంటే ఇద్దరు రన్నర్లు ఒకేసారి ముందు బేస్‌కి పరుగెత్తడం.) అమ్మాయి నా వైపు చూసింది. ఆ గేమ్ యూట్యూబ్‌లో చూసింది నేను. నేను పెదాలు కదిపి "షార్ట్‌స్టాప్ ముందుకొచ్చి కట్ చేసింది" అన్నాను. అది అర్థం కాక "ఏంటి?" అంది తెలుగులో. నేను ఇంకాస్త గట్టిగా చెప్పాను. అప్పుడు స్పీకర్‌లోంచి ఆవిడ గొంతు: "సార్, మీరు రోడ్డు చూసి నడపండి."

తర్వాత ఆ కాలేజీ నుంచి ఏమీ రాలేదు. ఇంటికి వచ్చేదాకా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. క్యాచర్ గేర్ నాకివ్వకుండా తనే మోసుకుంటూ లోపలికి పోయింది.

---

మూడో బేస్ అమ్మ (క్యారీ, నార్త్ కరోలినా)
సెప్టెంబర్ 5

అయ్యో అన్నయ్యా, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. మా ఆయనా ఇంతే. మొదటి క్యాంపులో కోచ్‌కి ఎదురెళ్లి చెయ్యి కలిపి, అమ్మాయి బ్యాటింగ్ యావరేజ్ మూడు దశాంశాల దాకా చెప్పారు. అది డగౌట్ వెనకాల దాక్కుంది.

మా అనుభవం చెప్తాను. మా అమ్మాయి డివిజన్ 3లో ఆడుతోంది, రెండో సంవత్సరం. డివిజన్ 3 అంటే మన వాళ్లు మొహం అదోలా పెడతారు, మూడో క్లాసు టికెట్ అన్నట్టు. ఎంఐటీ, ఎమరీ, టఫ్ట్స్, షికాగో యూనివర్సిటీ, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఇవన్నీ డివిజన్ 3లోనే ఆడతాయి. పిల్లలకి ట్యూషన్ పెట్టి మరీ అక్కడ సీటు కోసం ఎంతమంది తపిస్తున్నారో మీకు తెలుసు. ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, నిజమే. ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా అక్కడా ఉండదు. కానీ చదువుకి మెరిట్, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం ఉంటాయి. మాకు వచ్చిన మెరిట్ డబ్బు, వేరే డివిజన్ 2 కాలేజీ ఆటకి ఇస్తానన్న దానికి రెండింతలు. డివిజన్ 2 టీమ్ మొత్తానికి 7.2 స్కాలర్‌షిప్పులే పరిమితి. ఇరవై మంది మధ్య ముక్కలైతే ఒక్కొక్కరికి ఎంతొస్తుందో మీరే లెక్కేసుకోండి.

గట్టి డివిజన్ 3 కాలేజీల్లో ప్రీ-రీడ్ అని ఒకటుంది. 11వ తరగతి అయ్యాక వేసవిలో కోచ్ అమ్మాయి మార్కుల జాబితా, 12లో తీసుకోబోయే సబ్జెక్టులు అడిగి అడ్మిషన్ ఆఫీసుకి పంపుతారు. వాళ్లు అవకాశం ఎలా ఉందో చెప్తారు. సీటు గ్యారంటీ కాదు కానీ గుడ్డిగా అప్లై చేయడం కంటే వెయ్యి రెట్లు నయం. వదిన గారికి చెప్పండి, ఎస్‌ఏటీ పుస్తకం, బ్యాట్ రెండూ ఒకే అటక మీద పెట్టొచ్చు. ఒకదానికి ఒకటి అడ్డం కాదు.

---

వాకాఫ్ (ఎడిసన్, న్యూజెర్సీ)
సెప్టెంబర్ 6

ఎవరూ ఏమీ అనుకోవద్దు. అంత కష్టపడి డివిజన్ 3 ఎందుకండీ? ఆడితే డివిజన్ 1, లేకపోతే హాయిగా కంప్యూటర్ సైన్స్. ఇప్పుడు డబ్బంతా అక్కడే ఉంది. నైజరీ కెనడీ స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కి మారితే మిలియన్ డాలర్లకి పైగా ఇచ్చారు.

---

రైజ్‌బాల్
సెప్టెంబర్ 6

ఇచ్చారు, ఆవిడ దేశంలోనే అందరికంటే గొప్ప పిచ్చర్ కాబట్టి. ఈ జూన్‌లో ఓక్లహోమా సిటీలో టెక్సస్ టెక్‌ని జాతీయ ఫైనల్ దాకా లాక్కొచ్చింది, టెక్సస్ యూనివర్సిటీ చేతిలో ఓడారు. కోహ్లీకి ఐపీఎల్‌లో ఇంత ఇస్తున్నారని మనవాడిని కోచింగ్‌లో చేర్చినట్టుంది మీ లెక్క. డివిజన్ 1లో సుమారు 300 టీమ్‌లున్నాయి, వాటిలో చాలావాటిలో పిల్లలు మెస్ బిల్లు మిగిలితే చాలనుకుంటారు. మా దానికి మొదటి ఏడాది ట్యూషన్‌లో నాలుగో వంతు వచ్చింది. క్లబ్ ఫీజులు, హోటళ్లు, పెట్రోలు, పిచింగ్ పాఠాలు అన్నీ కూడితే ఎనిమిదేళ్లలో మేం పెట్టింది దానికంటే ఎక్కువే. డబ్బు కోసమే అయితే ఇది నష్టాల వ్యాపారం. పిల్లకి ఇష్టం కాబట్టే చేస్తున్నాం.

---

హెచ్4 ఫైల్ (శాన్ హోజే)
సెప్టెంబర్ 6

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సెంటర్ ఫీల్డ్. మేం ఇంకా హెచ్1 మీదే, గ్రీన్ కార్డు క్యూ సంగతి మీకు తెలిసిందే. హెచ్4 పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తారా?

---

రైజ్‌బాల్
సెప్టెంబర్ 6

ఆట స్కాలర్‌షిప్‌కి పౌరసత్వంతో పని లేదు, విదేశాల నుంచి ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లే బోలెడుమంది ఆడుతున్నారు. చిక్కు ఎక్కడంటే పేరు వాడుకున్నందుకు వచ్చే ప్రకటనల డబ్బు, కాలేజీలు ఇప్పుడు నేరుగా పంచుతున్న డబ్బు. అది సంపాదన కిందకి వస్తే పని అనుమతి కావాలి. హెచ్4 పిల్లలకి అది లేదు, ఆ ఈఏడీ (పని అనుమతి కార్డు) భార్యాభర్తలకే. పైగా 21 నిండితే హెచ్4 పోతుంది, అంటే సరిగ్గా కాలేజీ మధ్యలో ఎఫ్1కి మారాల్సి వస్తుంది. సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. కాలేజీలో ఆట రూల్స్ చూసే కాంప్లయన్స్ ఆఫీసుని కూడా అడగండి. వాట్సాప్ గ్రూపుని మాత్రం అడక్కండి.

---

హెచ్4 ఫైల్
సెప్టెంబర్ 6

ధన్యవాదాలు. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే అడిగేశాను, ఐదుగురు ఐదు రకాలుగా చెప్పారు 🙏

---

నిజామాబాద్ షార్ట్‌స్టాప్
సెప్టెంబర్ 7

నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రౌండ్‌లోనే, ఇప్పుడు కుదిరింది. క్యాచర్ నాన్న గారూ, మీ 112ని 30 చేయండి. అమ్మాయినే కూర్చోబెట్టి చేయించండి. ఎంత దూరం పోగలదు, ఏం చదవాలనుకుంటోంది, ఆట లేకపోయినా ఆ కాలేజీలో ఉండగలదా? మోకాలు పోతే నాలుగేళ్లు అక్కడే గడపాలి కదా. తర్వాత ఆ టీమ్‌ల పేజీ తెరిచి క్యాచర్లు ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు వెళ్లిపోతున్నారో చూడమనండి. ఇప్పుడు మొదటి సంవత్సరంలోనే ఇద్దరు క్యాచర్లు ఉన్న చోట 2027లో తలుపు కొట్టి ఏం లాభం?

మన డాలస్ చుట్టూనే చూడండి. యూటీ డాలస్‌లో చదివిన మనవాళ్లు వేలల్లో ఉంటారు, అక్కడ సాఫ్ట్‌బాల్ టీమ్ ఉందని ఎందరికి తెలుసు? ఈ ఏడాదే డివిజన్ 3 నుంచి డివిజన్ 2కి మారింది. డెంటన్‌లో టెక్సస్ ఉమెన్స్ ఉంది. యూటీ టైలర్ 2024లో డివిజన్ 2 ఛాంపియన్.

వీడియో మూడు నిమిషాలు దాటకూడదు. మొదట్లో పేరు, 2027, పొజిషన్, జెర్సీ నంబర్. పాటలు వద్దు, స్లో మోషన్ వద్దు. క్యాచర్‌కి మొదట చూపించాల్సింది త్రో. హోమ్ నుంచి రెండో బేస్ దాదాపు 85 అడుగులు. గ్లవ్‌లో బంతి పడిన చప్పుడు నుంచి అవతల గ్లవ్‌లో పడేదాకా కెమెరా కట్ చేయకండి, కోచ్ తన స్టాప్‌వాచ్‌తో తనే కొలుచుకుంటుంది. మీరు 1.95 అని రాసి, ఆవిడకి 2.1 వస్తే ఇక మిగతావేవీ నమ్మదు. బ్లాకింగ్ తర్వాత, బ్యాటింగ్ ఆఖర్న, పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి.

టోర్నమెంట్‌కి నాలుగైదు రోజుల ముందు షెడ్యూల్ పంపాలి, ఫీల్డ్ నంబర్, టైముతో సహా. నాలుగు వాక్యాలు చాలు. అమ్మాయి రాయాలి. తప్పులున్నా సరే.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. ఈ వేసవిలో మా ఆటకి ఒక కాలేజీ కోచ్ వచ్చింది, మా షార్ట్‌స్టాప్ కోసం. నేను కంచె ఇవతల నీళ్ల డబ్బా నింపుతున్నాను. మా పిచ్చర్ గురి తప్పి వరసగా రెండు వాక్‌లు (బ్యాటర్‌కి ఊరికే బేస్) ఇచ్చి తల వేలాడేసింది. మా క్యాచర్ టైమ్ అడిగి, ముసుగు పైకి తోసుకుని పిచ్చర్ నిలబడే సర్కిల్‌లోకి వెళ్లి ఏదో చెప్పింది. పిచ్చర్ నవ్వింది. కోచ్ నోట్‌బుక్ తీసి ఆ క్యాచర్ నంబర్ రాసుకుంది. అప్పటిదాకా ఆ పిల్ల బంతిని సరిగ్గా కొట్టింది కూడా లేదు! అదే రోజు మా రైట్ ఫీల్డర్, నీళ్ల సీసా తెచ్చిన వాళ్లమ్మ మీద అందరి ముందూ విసుక్కుంది. అదీ చూసింది కోచ్. రాసుకోలేదు.

---

స్క్వీజ్ ప్లే (ఆల్ఫారెట్టా, జార్జియా)
సెప్టెంబర్ 7

మా బాధ కూడా ఒకటి చెప్పి పోతాను. ఒక రిక్రూటింగ్ సర్వీసు వాళ్లకి రెండేళ్ల క్రితం 2,400 డాలర్లు కట్టాం. "500 మంది కోచ్‌లకి మీ అమ్మాయి ప్రొఫైల్ వెళ్తుంది" అన్నారు. వెళ్లింది, అందరికీ ఒకే మూసలో. ఒక కోచ్ తర్వాత క్యాంపులో మా దానితో చెప్పింది, ఆ అడ్రస్ నుంచి వచ్చే మెయిల్స్ తను తెరవదట. డబ్బు వెనక్కి అడిగితే ఒప్పందంలో పదకొండో పేజీ చూపించారు. ఆ డబ్బుతో అమ్మాయి ఇష్టపడిన నాలుగు కాలేజీల క్యాంపులకి తీసుకెళ్లినా బాగుండేది.

---

మూడో బేస్ అమ్మ
సెప్టెంబర్ 8

కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ చేయించారా అన్నయ్యా? డివిజన్ 1, 2కి తప్పనిసరి. 16 కోర్ సబ్జెక్టులు ఉండాలి, డివిజన్ 1కి వాటిలో 10 సీనియర్ ఇయర్ (12వ తరగతి) మొదలయ్యేలోపే పూర్తి కావాలి. ఆ 16లో జీపీఏ డివిజన్ 1కి కనీసం 2.3, డివిజన్ 2కి 2.2. మన పిల్లలకి జీపీఏ గొడవ ఉండదు కానీ, స్కూల్లో తీసుకున్న ప్రతి కోర్సూ కోర్ కింద లెక్కలోకి రాదు. మా దానికి ఒకటి అలాగే ఎగిరిపోయింది. స్కూల్ కౌన్సెలర్‌తో కూర్చుని జాబితా చూసుకోండి.

అలాగే కోచ్ నోటిమాటగా "నీకు చోటుంది" అంటే సంతోషించండి కానీ ఊరంతా లడ్డూలు పంచకండి. నోటిమాట ఇటునుంచీ కట్టిపడేయదు, అటునుంచీ కట్టిపడేయదు. ఇదివరకు సంతకం పెట్టే లెటర్ ఆఫ్ ఇంటెంట్ కూడా 2024 అక్టోబర్‌లో తీసేశారు, ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందమే అసలు కాగితం. అందులో ఎన్నేళ్లకో, ఎంతో, గాయమైతే ఏమిటో చదవండి. మనం ఇల్లు కొనేటప్పుడు కూడా చదవకుండా సంతకాలు పెడతాం, ఇక్కడ అలా కుదరదు.

---

క్యాచర్ నాన్న
సెప్టెంబర్ 14

అందరికీ చాలా చాలా థాంక్స్. మా ఆవిడ ఈ చర్చ అంతా చదివింది. "రోడ్డు చూసి నడపండి" దగ్గర ఎంత నవ్విందంటే పక్క గదిలోంచి అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. చదివి వినిపించాల్సి వచ్చింది. అది నవ్వలేదు. కాసేపు ఆగి "నాన్నా, ఆ ఎక్సెల్ నాకు పంపు" అంది.

పంపాను. రంగులన్నీ తీసేసింది. 26 మిగిలాయి. నేను ప్రాణంలా చూసుకున్న రెండు పెద్ద పేర్లు కూడా ఎగిరిపోయాయి. అడిగితే "అక్కడ ఒకే క్లాసులో ఇద్దరు క్యాచర్లు ఉన్నారు నాన్నా, నువ్వు చూడలేదా?" అంది. చూడలేదు.

---

నిజామాబాద్ షార్ట్‌స్టాప్
సెప్టెంబర్ 14

ఆ అమ్మాయిని నమ్మొచ్చు. నేనైతే మా టీమ్‌లోకి ఇప్పుడే తీసుకుంటాను.

---

క్యాచర్ నాన్న
అక్టోబర్ 27

ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అక్టోబర్ మొదట్లో అమ్మాయి ఆ జూలై కోచ్‌కే మళ్లీ మెయిల్ రాసింది. పంపాక నాకు చూపించింది. "ఇంతకుముందు మెయిల్ మా నాన్న రాశారు. ఆ గేమ్ ఇప్పుడు నేను చూశాను. డబుల్ స్టీల్ కంటే నాకు ఐదో ఇన్నింగ్స్‌లో మీ క్యాచర్ వేసిన పికాఫ్ నచ్చింది, ఎందుకంటే నాకది ఇంకా సరిగ్గా రాదు" అని రాసింది. ఒక చోట స్పెల్లింగ్ తప్పుంది. నా చెయ్యి ఎంత దురద పెట్టిందో మీకు తెలుసు.

(పికాఫ్ అంటే బేస్ వదిలి ముందుకొచ్చిన రన్నర్‌ని చటుక్కున బంతి విసిరి అవుట్ చేయడం.) రెండు వారాల కింద టోర్నమెంట్‌కి ఆవిడ వచ్చారు. టోపీ మీద కాలేజీ పేరు చూసి గుర్తుపట్టాను. నా కుర్చీ ఎత్తుకుని లెఫ్ట్ ఫీల్డ్ కంచె దాకా వెళ్లి అక్కడ కూర్చున్నాను, ఎండలో. అక్కడి నుంచి నా కూతురు చీమంత కనిపించింది. ఒక పాస్‌డ్ బాల్, అంటే పట్టాల్సిన బంతి, వదిలేసింది, అది మాత్రం స్పష్టంగా కనిపించింది.

నిన్న ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. అమ్మాయి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. 34 నిమిషాలు. నేను హాల్లో టీవీ సౌండ్ తీసేసి కూర్చున్నాను, మా ఆవిడ వద్దంటున్నా. మాటలు వినపడలేదు, మధ్యలో రెండుసార్లు నవ్వు వినపడింది. బయటికొచ్చి "నాన్నా, ఆకలేస్తోంది, ఉప్మా ఉందా?" అంది. ఏమన్నారని అడిగితే, నవంబర్‌లో క్యాంపస్ చూడ్డానికి రమ్మన్నారట. మిగతాది తర్వాత చెప్తానంది.

---

మూడో బేస్ అమ్మ
అక్టోబర్ 27

అన్నయ్యా, ఇంతకీ ఉప్మా పెట్టారా లేదా?

---

క్యాచర్ నాన్న
అక్టోబర్ 27

పెట్టానమ్మా. జీడిపప్పు వేసి.